మున్సిపల్ ఆఫీసులో ప్రజలు చూసుకునే కంప్యూటర్ పెట్టాలి

చిట్యాల పట్టణ ప్రజలారా,

ఇంటి పన్ను ఎంత పడ్డదో, పింఛను లిస్టులో అమ్మ పేరున్నదో లేదో తెలుసుకోవాలని ఏ సర్కారు ఆఫీసుకు పోయినా కంప్యూటర్ తెర అటే తిరిగి ఉంటది. అవతలివాళ్లు చదివి చెప్పిందే మనకు లెక్క. తెర మన దిక్కు తిప్పాలంటే సిబ్బంది జంకుతరు. ఎవరి వేలన్నా తగిలి ఒక అంకె మారితే జవాబు చెప్పాల్సింది వాళ్లే కదా, ఆ భయమూ నిజమే. అందుకే చదవడానికి మాత్రమే పనికొచ్చే కంప్యూటర్ అడుగుతున్నం. ఆఫీసు వరండాలో ఒక్కటి చాలు.

ఇంటి పన్ను డిమాండు, పింఛన్లు, ఇందిరమ్మ ఇళ్ల లిస్టు, కౌన్సిల్ తీర్మానాలు యూనికోడ్ తెలుగులో సాదా టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టాలి. మనిషికి 200 బైట్లు వేసుకున్నా పదివేల మంది లిస్టు 2 ఎంబీలో ఇముడుతది. మూలన పడ్డ పాత కంప్యూటర్ కూడా దాన్ని తెరుస్తది. బ్రౌజర్‌లో తెరిస్తే చదవొచ్చు, కంట్రోల్ ఎఫ్ నొక్కి పేరు వెతకొచ్చు, అక్షరం మార్చలేం. ఫైలుకు 'రీడ్ ఓన్లీ' టిక్కు పెట్టి ఊరుకుంటే మాత్రం కుదరదు, దాన్ని ఎవరైనా తీసేయగలరు. ప్రజలకు వేరే లాగిన్ ఇచ్చి, దానికి చదివే అనుమతే ఉంచాలి. అసలు రికార్డు లోపలే ఉండాలి. బయట పెట్టే నకలు ఏ తేదీదో మొదటి వరుసలో రాయాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు అందులో కనపడొద్దు.

అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు వద్దు, ఆ ఫాంటు లేనిచోట అవి పిచ్చిగీతలైతయి. కాగితాలు స్కాన్ చేసి పెడితే పేరు వెతకలేం. యూనికోడ్ టెక్స్ట్ అయితే చూపులేనివాళ్లకు ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తది.

లెక్కలు పదిమంది ముందు పెట్టడం మన జిల్లాకు తెలిసిందే. 2006లో ఉపాధి హామీ మొదటి విడత జిల్లాల్లో నల్లగొండ ఉన్నది. ఎవరికి ఎన్ని పనిదినాలు, ఎంత కూలి పడ్డదో సామాజిక తనిఖీల్లో ఊరి ముందు చదివిండ్రు. 2005 సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 2(జె) రికార్డులు చూసే హక్కు మనకిచ్చింది. సెక్షన్ 4 అయితే, అడగకముందే బయటపెట్టమంటది, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకొమ్మంటది.

కమిషనర్‌కు ఇచ్చే వినతిపత్రం మీద సంతకం చేయండి. వచ్చే సమావేశంలో దీనిపై తీర్మానం పెట్టమని మీ వార్డు కౌన్సిలర్‌ను అడగండి.