పేరులోనే పాలు... పిల్లలు మాత్రం రెండో మూడో!

మొన్న ఆదివారం అనంతపురంలో చేపలు కొందామని వెళ్లా. బొచ్చె, రోహుల పక్కన ఐసు మీద ఓ కొత్త చేప. అడుగున్నర పొడవు, బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట, కోసుగా ఉన్న మూతి. "పాలసొర అన్నా! ముల్లుండదు. ఇంట్లో బాలింత ఉంటే తీసుకపో, పాలు బాగా పడతాయి" అంది అమ్మే అక్క.

సముద్రం మనకి రెండొందల యాభై కిలోమీటర్లకు పైనే. అయినా సొర మన ప్లేటు దాకా వచ్చేసింది. దాని కథ మాత్రం రాలేదు.

సొర అనగానే సినిమాల్లో మనుషుల్ని మింగే రాక్షసి గుర్తొస్తుంది కదా? పాలసొర అలాంటిది కాదు. ఎక్కువగా మూడున్నర అడుగుల లోపే ఉంటుంది. తీరానికి దగ్గర్లో తిరుగుతూ చిన్న చేపలు, రొయ్యలు, పీతలు తింటుంది. పెద్ద సొరలకు తానే ఆహారమవుతుంది. దాని ఒంట్లో ఒక్క ఎముకా ఉండదు. అంతా మన చెవి డొప్పలో ఉండేలాంటి మృదులాస్థే. అందుకే ముల్లుండదు అన్న మాట నిజం.

సొర కూర దగ్గర ఘాటు వాసన వస్తుంది, గమనించారా? ఉప్పునీళ్లు ఒంట్లోని నీటిని లాగేయకుండా అది రక్తంలో, కండలో యూరియా దాచుకుంటుంది. చచ్చాక బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. అవును, మన చేలో చల్లే యూరియానే!

అసలు విశేషం పుట్టుకలో ఉంది. రోహు ఒక్కసారికి లక్షల గుడ్లు పెడుతుంది. పాలసొర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కడుపులో పిల్లలకు మొదట సొనే ఆహారం. తర్వాత ఆ సొన సంచే మాయగా మారి, బొడ్డుతాడు గుండా తల్లి నుంచి పోషణ అందుతుంది. అచ్చం మనలాగే. దాదాపు ఏడాది మోసి కనేది మామూలుగా రెండు నుంచి ఐదు పిల్లల్నే. అడుగు పొడవుతో పుట్టిన పిల్ల దాదాపు రెండున్నర అడుగులు పెరిగితేగానీ తల్లి కాలేదు. అంటే ఆ ఐసు మీద ఉన్నది ఇంకా పిల్లే.

ఈ లెక్క మన జిల్లా వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాన నింపేదానికంటే మోటారు తోడేది ఎక్కువైతే బోరు ఏమవుతుందో మనం చూశాం. సొర కూడా అంతే. నిండేది చుక్కచుక్కగా, తోడేది వలలతో. అందుకే ఐయూసీఎన్ పాలసొరను ముప్పు పొంచి ఉన్న జీవుల జాబితాలో పెట్టింది. 2023 నవంబరు నుంచి ఈ కుటుంబపు సొరల్ని దేశాలు దాటించి అమ్మాలంటే సైటిస్ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రాలు కావాలి. మన ఊరి మార్కెట్‌లో అలాంటి అడ్డేమీ లేదు. ఇక్కడ ఆలోచించాల్సింది మనమే.

మరి పాల సంగతి? తింటే బాలింతకు పాలు పెరుగుతాయన్న నమ్మకంతోనే ఆ పేరొచ్చింది. ఇంగ్లిష్‌లోనూ మిల్క్ షార్కే. అది నమ్మకమే, రుజువు కాదు. పైగా సొరల్లో పాదరసం పేరుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొరచేప తినొద్దనే చెబుతోంది. మనం ఏరికోరి ఎవరికి పెడుతున్నామో వాళ్లకే వద్దంటోంది!

ఆ అక్కతో వాదించలేదు. ఆమె విన్నదే ఆమె చెప్పింది, బతుకుతెరువు ఆమెది. "బొచ్చె ఒక కిలో కొట్టక్కా" అన్నా. మీ ఇంట్లో అక్కో వదినో బాలింతగా ఉండి, ఎవరైనా సొర తెమ్మంటే మాత్రం ఊరుకోకండి. పాదరసం మాట అవ్వకి చెప్పండి, బోరు మాట నాన్నకి చెప్పండి. ఇద్దరికీ ఇట్టే అర్థమవుతుంది.