ఇప్పపూలు రాలే వేళ

కొత్తగూడెం అనగానే గుర్తొచ్చేది బొగ్గు. కానీ మార్చిలో ఊరు దాటి కిన్నెరసాని వైపు వెళ్తే ముక్కుకు తగిలేది వేరే వాసన. తియ్యగా, కాస్త పులిసినట్టుగా... ఇప్పపూలది!

ఈ చెట్టు పూయడమూ చిత్రమే. ఆకులు రాల్చేసి కొమ్మల చివర గుత్తులు కడుతుంది. తెల్లవారుజామున పూలు టపటపా రాలతాయి. కోసే పని లేదు, ఏరుకోవడమే. అందుకే కోయ ఆడవాళ్లు చీకటితోనే గంపలు పట్టుకుని చెట్టు కిందికి చేరతారు. ఆలస్యమైతే ఎలుగుబంటి వచ్చేస్తుంది మరి. దానికీ ఇవంటే ప్రాణం!

పువ్వు మీగడ రంగులో, కండగా ఉంటుంది. ఎండితే అచ్చం కిస్‌మిస్. అందులో సగానికి పైగా చక్కెరే. సపోటాకు ఇది దగ్గరి చుట్టం. వేయించి దంచుకున్నా, ఉడికించుకున్నా గింజలు నిండుకున్న ఇళ్లకు అదే ఆసరా. ఇప్పగింజల నూనె వంటకూ దీపానికీ పనికొస్తుంది.

ఇక సారా. పూలను కుండలో కొన్ని రోజులు నానబెడితే పులుస్తాయి. ఆ కుండను పొయ్యి మీద పెట్టి, ఆవిరిని చల్లార్చి చుక్కలు చుక్కలుగా పడతారు. కొలుపైనా, పెళ్లయినా మొదటి చుక్కలు నేల మీద, పెద్దల పేరున. తర్వాతే మనుషులకు.

చట్టానికి మాత్రం పువ్వులో సారానే కనిపించింది. 1892లో బొంబాయి ప్రభుత్వం పూలు ఏరి నిల్వ చేయడం మీదే చట్టం తెచ్చింది. మన దగ్గర 1993లో సారాను నిషేధించారు. దాని వెనక ఉన్నది ఆడవాళ్ల కన్నీళ్లు, కాదనలేం. కానీ నల్లబెల్లం, నవసారం కలిపి కాచే గుడుంబానూ ఇప్పసారానూ ఒకే గాటన కట్టేశారు. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాలను అదుపు చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ సభ మాట ఎంతవరకు చెల్లుతోందన్నది వేరే సంగతి.

ఇటలీలో 1860లో గాస్పరే కంపారి మూలికలు, పండ్లతో చేసిన చేదు మద్యం ఇవాళ దేశదేశాల్లో అమ్ముడవుతోంది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాకు వారసత్వ మద్యంగా గుర్తింపునిచ్చింది.

ఉట్నూరు ఆదివాసీ మహిళలది ఇంకో దారి. వాళ్లు లడ్డూలు చేస్తున్నారు. మీకు ఎండుపూలు దొరికితే మీరూ చేయొచ్చు. శుభ్రం చేసి దోరగా వేయించండి. నువ్వులు, పల్లీలు, బెల్లంతో కలిపి దంచండి. నెయ్యి కూడా అక్కర్లేదు, ఉండ ఇట్టే కడుతుంది.