సూత్రం వచ్చు... మరి తీగ తగలదా?

మాచారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డి వెళ్లేటప్పుడు ఓసారి కిటికీలోంచి పైకి చూడండి. అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా కరెంటు తీగలు కనిపిస్తాయి. ఇప్పుడు ఎదురుగా వచ్చే జీపు మీద పొడవాటి యాంటెన్నా ఉందనుకోండి. అది ఎంత ఎత్తు ఉండొచ్చు? ఈసీఈ చదువుతున్న మీలో ఎంతమంది చెప్పగలరు? బీటెక్‌లో నన్నడిగితే నేనూ నీళ్లు నమిలేవాణ్ని. క్వార్టర్ వేవ్ సూత్రం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని!

లెక్క చూద్దాం. 300ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో నాలుగో వంతు యాంటెన్నా పొడవు. 27 మెగాహెర్ట్జ్‌కు ఇది దాదాపు 2.8 మీటర్లు. 1.8 మీటర్ల ఎత్తున్న జీపు టాప్ మీద బిగిస్తే మొత్తం 4.6 మీటర్లు. పరీక్షలో ఫుల్ మార్కులే. మరి రోడ్డు మీద?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో వాహనాల కొలతల గురించి చెప్పేది 93వ నిబంధన. సాధారణ వాహనానికి నేల నుంచి 3.8 మీటర్లు, డబుల్ డెక్కర్‌కు 4.75 మీటర్లు అన్నది అందులో చాలాకాలం ఉన్న పరిమితి. 2020లో ఈ కొలతలను సవరించారు కాబట్టి తాజా ప్రతి చూడాల్సిందే. ఇక వీధికి అడ్డంగా వెళ్లే లో వోల్టేజీ తీగ కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. కానీ వేలాడే తీగలు మన ఊళ్లకు కొత్తేం కాదు. రైల్వే గేటు దగ్గర పైనున్నది 25 వేల వోల్టులు. దాన్ని తాకక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్లినా ప్రమాదమే.

అసలు ఇంజినీరింగ్ ఇక్కడే మొదలవుతుంది. కాయిల్ వేసి యాంటెన్నాను పొట్టిగా చేయొచ్చు. అప్పుడు సామర్థ్యం, బ్యాండ్‌విడ్త్ కొంత పోతాయి. ఫ్రీక్వెన్సీ పెంచితే 145 మెగాహెర్ట్జ్‌కు అర మీటరు చాలు. జీపీఎస్ వాడే 1575 మెగాహెర్ట్జ్‌కు నాలుగో వంతు అంటే 5 సెంటీమీటర్ల లోపే. కొత్త కార్ల మీద సొరచేప రెక్కలాంటి చిన్న బుడిపెతో పని జరిగిపోతోంది అందుకే.

‘కోడింగ్ వస్తే చాలు, ఇవన్నీ ఎందుకన్నా?’ అని జూనియర్లు అడుగుతుంటారు. నేను ఒప్పుకోను. 2019 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు, ఆటోల్లాంటివి మినహా, ట్రాకింగ్ పరికరం తప్పనిసరి చేశారు. వాటిని డిజైన్ చేసేవాళ్లు, బిగించేవాళ్లు, పరీక్షించేవాళ్లు కావాలి కదా! పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో జరిగే పని ఈ పరీక్షలే. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, డీఎల్ఆర్ఎల్ ఉండనే ఉన్నాయి.

ఈ ఆదివారం ఓ పని చేయండి. మీ ఊళ్లో ఏదైనా ఒక వాహనం ఎత్తు టేపుతో కొలవండి. మూడు ఫ్రీక్వెన్సీలకు యాంటెన్నా పొడవు లెక్కేసి, నిబంధనతో పోల్చి ఒక పేజీ రాయండి. తీగల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంటర్వ్యూలో ‘సొంతంగా ఏం చేశావ్?’ అని అడిగితే ఆ పేజీ చూపించండి. సూత్రం అందరూ చెప్తారు. అది రోడ్డు మీద ఎక్కడ ఆగిపోతుందో చెప్పినవాళ్లే గుర్తుంటారు.