మన ఊరి సర్వర్‌కి ప్రాక్స్‌మాక్స్ కావాలి, క్రాక్ కీ కాదు

వీఎంవేర్ రేట్లు పెరిగాయి, కంపెనీలు ఓపెన్ సోర్స్ వైపు చూస్తున్నాయి అని రెండేళ్లుగా టెక్ వార్తల్లో చదువుతూనే ఉన్నాం. మా తిరువూరులో ఈ మాట ఎత్తితే మాత్రం ఎక్కువగా వినిపించే జవాబు ఇది: "మనం ఎప్పుడు డబ్బు కట్టాం బ్రో, రేటు పెరిగితే మనకేంటి?" నా గొడవంతా ఈ జవాబుతోనే.

తిరువూరులో సర్వర్లేంటి అనుకోకండి. నర్సింగ్ హోమ్, పత్తి మిల్లు, హోల్‌సేల్ ఎరువుల షాపు, ప్రైవేట్ కాలేజీ... ఇలాంటి చోట్ల వెనక గదిలో ఒక టవర్ సర్వర్ ఉంటుంది. అందులో ఒక వర్చువల్ మెషిన్‌లో బిల్లింగ్, ఇంకోదాంట్లో ట్యాలీ. కింద ఈఎస్ఎక్స్ఐ. విజయవాడ నుంచి ఎవరో వచ్చి పెట్టి వెళ్లారు. లైసెన్స్ కీ ఎక్కడిదంటే ఓనర్‌కి తెలీదు. కొందరిది వీఎంవేర్ అధికారికంగా ఇచ్చిన ఫ్రీ వెర్షన్, వాళ్లని అనడానికేం లేదు. మిగతావాళ్లది నెట్‌లో దొరికిన కీ.

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ సుమారు 6,900 కోట్ల డాలర్లకి వీఎంవేర్‌ని కొనేసింది. తర్వాతి నెలలోనే ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసి, అంతా సబ్‌స్క్రిప్షన్ చేసింది. లెక్క కోర్ల మీద, ఒక్కో సీపీయూకి కనీసం 16. అంటే మీ సర్వర్‌లో 8 కోర్లే ఉన్నా 16కి కట్టాలి. చిన్న సంస్థల కోసం ఉన్న ఎసెన్షియల్స్ ప్లస్ కిట్‌ని 2024 నవంబర్‌లో తీసేశారు. అమెరికాలో ఏటీ అండ్ టీ అంతటి కంపెనీయే తమకి 1,050 శాతం పెంచాలని చూశారంటూ కోర్టుకెళ్లింది, తర్వాత రాజీ పడింది. ఫ్రీ ఈఎస్ఎక్స్ఐ కూడా 2024 ఫిబ్రవరిలో పోయి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. రేపు ఉంటుందో లేదో ఎవరి చేతిలో ఉందో మీకే తెలుసు.

ఇదంతా డబ్బు కట్టేవాళ్ల బాధ. కట్టనివాళ్ల బాధ వేరే, నాకైతే అదే పెద్దదనిపిస్తుంది.

2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా వేల సర్వర్లని లాక్ చేసేసింది. అది వాడుకున్నట్టు చెప్పిన లోపానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. రెండేళ్లు ఎవరూ వేసుకోలేదు, అంతే. ఒక పీసీకి వైరస్ వస్తే ఒక పీసీ పోతుంది. హైపర్‌వైజర్‌కి వస్తే పైన ఉన్న బిల్లింగ్, ట్యాలీ, పేషెంట్ రికార్డులు అన్నీ ఒకేసారి పోతాయి. 2025 మార్చిలో ఇంకో రకం లోపాలు బయటపడ్డాయి: ఒక వర్చువల్ మెషిన్‌లో అడ్మిన్ అయినవాడు అందులోంచి హోస్ట్‌లోకే దూకేయొచ్చు. ప్యాచ్ ఇచ్చారు. కానీ 2025 ఏప్రిల్ 24 నుంచి సర్వర్ నేరుగా అప్‌డేట్లు లాక్కోవాలంటే కస్టమర్‌కి విడిగా ఇచ్చే టోకెన్ ఉండాలి. క్రాక్ కీ ఉన్నవాడికి టోకెన్ ఎవరిస్తారు? దానికి తోడు, పాత సర్వర్లలో ఎక్కువగా కనిపించే వీస్పియర్ 7కి సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో అయిపోయింది.

అందుకే మన దగ్గర పోటీ వీఎంవేర్‌కీ ప్రాక్స్‌మాక్స్‌కీ మధ్య కాదంటాను. అప్‌డేట్ రాని సర్వర్‌కీ, వచ్చే సర్వర్‌కీ మధ్య.

ప్రాక్స్‌మాక్స్ వియన్నా కంపెనీది, 2008 నుంచి ఉంది. కింద డెబియన్ లైనక్స్, వర్చువల్ మెషిన్లని నడిపేది కేవీఎం. కొత్త పేర్లలా ఉన్నా మీకు పరిచయమే: పిక్సెల్ ఫోన్లలో 2025 మార్చిలో వచ్చిన టెర్మినల్ యాప్ ఉంది కదా, అది డెబియన్‌ని వర్చువల్ మెషిన్‌లోనే నడుపుతుంది, దాని అడుగున ఉన్నదీ కేవీఎమ్మే. ప్రాక్స్‌మాక్స్‌లో ఫీచర్లేవీ డబ్బు కడితేనే తెరుచుకునేవి కావు. సబ్‌స్క్రిప్షన్ ఉంది, సాకెట్‌కి ఏడాదికి 115 యూరోల దగ్గర మొదలు (2025 ధర). దానికి బాగా పరీక్షించిన అప్‌డేట్లు వస్తాయి, ఆ కింది ప్లాన్‌లో కంపెనీ సపోర్ట్ మాత్రం ఉండదు.

మార్చడం ఎంత కష్టం? 2024లో ఇంపోర్ట్ విజార్డ్ వచ్చాక ఆ భాగం తేలికే. పాత ఈఎస్ఎక్స్ఐ సర్వర్‌ని స్టోరేజ్‌లా యాడ్ చేస్తే అందులోని మెషిన్లు లిస్టులో కనిపిస్తాయి, ఆఫ్ చేసి ఇంపోర్ట్ కొట్టడమే. తలనొప్పి చుట్టుపక్కల ఉంటుంది. విండోస్ మెషిన్‌లో వీఎంవేర్ టూల్స్ ముందే తీసేయాలి. నెట్‌వర్క్ కార్డ్ మారుతుంది కాబట్టి ఐపీ అడ్రస్ రాసిపెట్టుకోవాలి. బూట్ డిస్క్‌ని మొదట సాటా మీద లేపి, వర్ట్ఐఓ డ్రైవర్లు వేశాకే దానికి మార్చాలి. ట్యాలీ లైసెన్స్‌ని ముందు సరెండర్ చేసి, కొత్త చోట యాక్టివేట్ చేసుకోండి, లేకపోతే సోమవారం పొద్దున్నే అకౌంటెంట్ గారు మీ ప్రాణం తీస్తారు. విండోస్ సర్వర్ లైసెన్స్ ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది, ప్రాక్స్‌మాక్స్ దాన్ని మాఫీ చేయదు.

మన ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. యూపీఎస్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కి కలిపి, నట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టండి. బ్యాటరీ అయిపోయేలోపు మెషిన్లన్నీ పద్ధతిగా షట్‌డౌన్ అవుతాయి. జెడ్ఎఫ్ఎస్ వాడుతుంటే దాన్ని హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు మీద పెట్టొద్దు. చవక డెస్క్‌టాప్ ఎస్ఎస్‌డీ కూడా వద్దు, తొందరగా అరిగిపోతుంది. బ్యాకప్‌కి ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ ఫ్రీగానే ఉంది, కానీ వేరే మెషిన్‌లో పెట్టాలి, నెలకోసారి అందులోంచి ఒక మెషిన్‌ని రీస్టోర్ చేసి లేస్తుందో లేదో చూడాలి.

ఎదురు వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేను. అమీర్‌పేటలో ఏళ్ల తరబడి వీఎంవేర్ కోర్సులు చెప్పారు, అది తెలిసినవాళ్లు విజయవాడలో ఫోన్ చేస్తే దొరుకుతారు. ప్రాక్స్‌మాక్స్ తెలిసినవాళ్లు తక్కువ. కంపెనీ సపోర్ట్ కొన్నా అది ఆస్ట్రియా పనిరోజుల్లోనే. రాత్రి తొమ్మిదికి నర్సింగ్ హోమ్‌లో సర్వర్ ఆగితే ఎవరొస్తారు? లైసెన్స్ ఫ్రీ కదా అని మనిషి ఖర్చు కూడా సున్నా అనుకునే ఓనర్ మారకపోవడమే మంచిది. నా లెక్కలో లైసెన్స్ మీద మిగిలే డబ్బులో కొంత నెలనెలా ఊళ్లో ఒక కుర్రాడికి ఇవ్వాలి, ప్యాచ్‌లూ బ్యాకప్‌లూ చూసుకోవడానికి. బీటెక్ అయ్యి ఇంట్లో ఉండి హైదరాబాద్ కాల్ కోసం చూస్తున్నవాళ్లు మండలంలో ఎంతమంది లేరు?

ఆ కుర్రాడు మీరే అయితే, నేర్చుకోవడానికి సర్వర్ కొనక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆఫీస్ పీసీ చాలు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి, ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది. ఇన్‌స్టాల్ చేస్తే ఆ డిస్క్ మొత్తం చెరిగిపోతుంది, ఫొటోలుంటే ముందే తీసుకోండి. తర్వాత వేరే పీసీ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో దాని ఐపీ, పోర్ట్ 8006 కొడితే లాగిన్ పేజీ వస్తుంది. సబ్‌స్క్రిప్షన్ లేదని మెసేజ్ చూపిస్తుంది, ఓకే కొట్టేయండి. రిపాజిటరీల్లో ఎంటర్‌ప్రైజ్‌ని ఆపి నో-సబ్‌స్క్రిప్షన్‌ని పెట్టండి, అప్‌డేట్లు ఆ రోజు నుంచే వస్తాయి.