ఈ-పుస్తకంలో తెలుగు అక్షరం

చదవడానికే ప్రత్యేకించి నిర్మించిన ఉపకరణం ఈ-రీడర్. 2007 నవంబరులో కిండిల్ అమెరికాలో 399 డాలర్లకు విక్రయానికి వచ్చింది. నాటినుండి ఇటువంటి యంత్రాల బరువును, వెలను పోల్చి చూడడం పరిపాటి అయింది. వాటి తెర మెచ్చదగినదే. సూక్ష్మ గుళికలలోని నలుపు, తెలుపు రేణువులు విద్యుత్ప్రేరణతో కదలి అక్షరాలను రూపొందిస్తాయి. పుట మారినప్పుడే విద్యుత్తు వ్యయమవుతుంది. ఎండలోనూ కాగితం వలె కనిపిస్తుంది.

అయితే తెలుగు పాఠకుడు వెలకంటె ముందుగా విచారించవలసినది గ్రంథం ఏ రూపంలో ఉన్నదనే సంగతి. అంతర్జాలంలో పీడీఎఫ్‌లుగా లభించే మన ప్రాచీన కావ్యాలు చాలవరకు పాత ముద్రణల ఛాయాచిత్రాలే. ఆరంగుళాల తెరపై పుట కుదించుకొనిపోయి అరసున్న ఏదో, మచ్చ ఏదో తెలియదు. పెద్దది చేస్తే పద్యపాదం తెర దాటిపోతుంది. యూనికోడ్‌లో కూర్చిన ఈపబ్ ప్రతిలో అక్షరం పెంచితే పంక్తి దానంతట అదే సర్దుకుంటుంది. కోరిన పదాన్ని వెదకవచ్చు. (పద్యపాదం మధ్యలో విరగడం మాత్రం ఛందస్సెరిగిన వారికి కంటగింపే!)

2016లో కిండిల్ పుస్తకాలను హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలలో ప్రవేశపెట్టారు. ఆ ఐదింటిలో తెలుగు లేదు. దీనికి వర్తకులను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. మన డీటీపీ కేంద్రాలలో యూనికోడేతర ఖతులతో కూర్చిన గ్రంథాలు అనేకం. ఆ ఖతులు లేని యంత్రంలో అవి అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, వ్రాతప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఆ శ్రమ నేడు యూనికోడ్‌లో సాగాలి. అరసున్నకు, శకటరేఫకు అందులో స్థానం ఉన్నది. గ్రంథాలయాలు పది ఈ-రీడర్లు కొనడంకంటె ఒక్క ప్రబంధాన్ని నిర్దుష్టంగా ఎక్కించడానికి ఆ ధనాన్ని వినియోగించడమే మేలని నా అభిప్రాయం.