మాలి రైతు రేడియోలో వాన కబురు



ఆఫ్రికాలోని చిన్న రైతుల కోసం కానుక అనగానే మనవాళ్ళకు విత్తనాలు, బోర్లు గుర్తొస్తాయి. వాన కబురు చేరవేయడానికి కూడా డబ్బు కావాలంటే కొందరు సహోదరులు ఆశ్చర్యపడ్డారు. ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు: "వాన దేవుని చేతిలోది కదా అయ్యగారూ, ముందే తెలుసుకోవాలనుకోవడం అవిశ్వాసం కాదా?" భక్తిగా అడిగిన ప్రశ్న అది, తేలిగ్గా తోసెయ్యం. కానీ ఆ మాటతో మేము ఏకీభవించం. యోసేపు పనిచేసిన ఐగుప్తు ఆఫ్రికాలోదే. కరవు వస్తుందని ముందే తెలిసినప్పుడు అతడు పంటలో ఐదో వంతు కొట్లలో నింపించాడు. అగబు కరవు గురించి చెప్పగానే అంతియొకయ శిష్యులు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు చందా వేసుకుని యూదయకు పంపారు. ముందుగా తెలియడాన్ని వాళ్ళెవరూ పాపంగా చూడలేదు.

మాలి దేశం సంగతి చెబుతాం. సహారా ఎడారికి దిగువనున్న సాహెల్ ప్రాంతంలో వానలు ఏడాదికి ఒక్క కారే, ఇంచుమించు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. పంటలు మనకు తెలిసినవే: సజ్జ, జొన్న, వేరుశనగ. మన పటాన్‌చెరు దగ్గరున్న ఇక్రిశాట్ పరిశోధన చేసే పంటలు కూడా ఇవే. అక్కడి రైతు అసలు భయం వాన రాకపోవడం ఒక్కటే కాదు, మోసపు తొలకరి. మొదటి వాన పడుతుంది, ఇంట్లో ఉన్న విత్తనం చల్లేస్తాడు, తర్వాత రెండు మూడు వారాలు చినుకుండదు. మొలక మాడిపోతుంది. మళ్ళీ విత్తడానికి గింజ ఉండదు, అప్పు చేస్తాడు. అనంతపురం వేరుశనగ రైతుకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

1970ల నాటి ఘోర కరవు తర్వాత, 1982లో మాలి వాతావరణ శాఖ ఒక పని మొదలుపెట్టింది. కొందరు రైతులకు వర్షం కొలిచే చిన్న గేజీలిచ్చింది. ఇన్ని మిల్లీమీటర్లు పడ్డాకే ఈ పంట విత్తు అని పట్టిక ఇచ్చింది. పది రోజులకొకసారి వాతావరణం వాళ్ళు, వ్యవసాయం వాళ్ళు, రేడియో వాళ్ళు కలిసి కూర్చుని సలహా తయారుచేసేవారు. అది బంబారా లాంటి స్థానిక భాషల్లో రేడియోలో వచ్చేది. ఈ పనిలో మాకు ఎక్కువగా నచ్చింది ఆ గేజీ. కబురు పై నుంచి దిగడంతో సరిపోలేదు, రైతు తన చేలో తానే కొలిచి చూసుకున్నాడు.

అయితే అంతా వెలుగే అని చెబితే అబద్ధమవుతుంది. తర్వాత యుఎస్‌ఎయిడ్ తరఫున పరిశోధకులు వెళ్ళి చూస్తే, ఆ సలహాలు వాడుకుంటున్నవాళ్ళు అనుకున్నదానికంటే చాలా తక్కువ. వాళ్ళలో కూడా ఎక్కువమంది ఎడ్లు, నాగలి ఉన్న పెద్ద వయసు మగవాళ్ళు. స్త్రీల చేను దున్నడానికి ఎడ్లు ఆఖరున వస్తాయి. రేపే విత్తమని రేడియో చెప్పినా ఆ తల్లి ఏం చేయగలదు? అందుకే వాన కబురు ఒక్కటీ పంపి చేతులు కడుక్కునే పథకాలంటే మాకు గురి లేదు. కబురుతో పాటు ఎడ్లో, విత్తనమో, చేబదులో ఏదో ఒకటి నడవాలి.

మాలిలో అత్యధికులు ముస్లింలు. మన విశ్వాసులు కానివారికి మన కానుకెందుకని ఎవరైనా అడగబోతే, వాన ఎవరి పొలాన్ని వదిలి ఎవరి పొలంలో పడుతుందో ఒకసారి ఆలోచించమంటాం.

పశ్చిమ కెన్యాలో ఎన్‌గాన్యీ అనే వంశం వాళ్ళున్నారు. వాన కురిపించేవాళ్ళని వాళ్ళకు తరతరాల పేరు. చెట్లు చిగురించే తీరు, పక్షుల, పురుగుల కదలిక చూసి వాన సంగతి చెబుతారు. కెన్యా వాతావరణ శాఖ వాళ్ళు ఈ పెద్దలతో కూర్చుని, తమ అంచనానూ వాళ్ళ అంచనానూ సరిచూసుకుని, ఊరివాళ్ళకు ఒకే మాటగా చెప్పే ప్రయత్నం చేశారు. పాస్టర్లమైన మేము వాన కురిపించే పూజలను ఒప్పుకోలేం. కానీ చెట్టును చూడటం పూజ కాదు. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వానొస్తుందనీ, మృగశిర కార్తెలో విత్తాలనీ మన తాతలు చెప్పలేదా? ఊరు నమ్మే మనిషి నోట వచ్చిన కబురుకే ఊరు కదులుతుంది. (వేదికెక్కి ఫలానా వారం వాన పడుతుందని ప్రకటించే ప్రసంగీకులకంటే, పదిలో ఏడు వంతులే అవకాశం అని ఒప్పుకునే వాతావరణ శాఖ ఉద్యోగి మాకు ఎక్కువ నిజాయితీపరుడుగా కనిపిస్తాడు.)

మరి ఆ అంచనా వేయడానికే ఆఫ్రికాలో కొలిచే కేంద్రాలు బాగా తక్కువ. టామో అనే సంస్థ 20,000 చిన్న కేంద్రాలు పెట్టాలని లక్ష్యం పెట్టుకుని, వాటిలో చాలావాటిని బడుల్లో నెలకొల్పుతోంది. దుమ్ముకు, పురుగులకు పాడవకుండా కదిలే భాగాలు లేని పరికరాలు ఎంచుకుంది. బడిలో ఉంటే కాపలా ఉంటుంది, పిల్లలకూ పాఠమవుతుంది. లక్ష్యానికి ఇంకా చాలా దూరం ఉంది. పెట్టిన పరికరాన్ని ఏళ్ళ తరబడి నడపడానికి చందా దొరకడం కష్టం. ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది, మరమ్మతుకు ఉండదు.

మిషన్ కానుక కమిటీ ఈ నెలలో కూర్చున్నప్పుడు మా తరఫున ఒక మాట పెడతాం. ఇలాంటి పనికి ఇచ్చేటట్టయితే కొత్త పరికరానికి వద్దు. ఉన్నదాన్ని బాగుచేసే మనిషి జీతానికి, ఆడవాళ్ళు పొలం నుంచి ఇంటికొచ్చాక వినగలిగే వేళలో వాళ్ళ భాషలో వచ్చే రేడియో కార్యక్రమానికి ఇద్దాం. కాదనేవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక ఆగండి, మాట్లాడుకుందాం.