సైకిల్ యాత్రికుడికి రాత్రి బస

సైకిల్ మీద దూరప్రయాణం అనగానే చూసేవాళ్లకు గేర్లు, హెల్మెట్, పిక్కబలం గుర్తొస్తాయి. తొక్కేవాడికి మాత్రం పొద్దు వాలుతున్న కొద్దీ ఒకటే బెంగ: రాత్రికి ఎక్కడ?

ఎండ ముదరకముందే బయల్దేరి, మధ్యాహ్నం చెట్టు కింద నడుం వాల్చి, సాయంత్రానికి ఎనభయ్యో వందో కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడు విందులు అడగడు. దిగీ దిగగానే కుళాయి వెతుక్కుంటాడు. ఉప్పు చారలు కట్టిన చొక్కా జాడించి ఆరేస్తాడు. బండిని లోపల పెట్టుకుని, ఫోన్ ఛార్జింగ్‌కు ఓ ప్లగ్గు చూసుకుంటాడు. కడుపునిండా అన్నం దొరికితే మర్నాటి ప్రయాణానికి కాళ్లు సిద్ధం.

ఈ చిన్న అవసరాలను దారి పక్కవాళ్లే తీర్చిన ఉదాహరణ ఒకటుంది. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన 1976లో, ఆ దేశాన్ని ఒరెగాన్ నుంచి వర్జీనియా దాకా అడ్డంగా దాటే సైకిల్ మార్గం మొదలైంది. పొడవు సుమారు 6,800 కిలోమీటర్లు. దానికోసం కొత్త రోడ్డు వేయలేదు, ఉన్న పల్లె రోడ్లనే కలుపుతూ మ్యాపులు గీశారు. వర్జీనియాలోని ఆఫ్టన్ దగ్గర అది బ్లూరిడ్జ్ కొండల మీదికి నిలువునా ఎక్కుతుంది. రొప్పుతూ వచ్చినవాళ్లకు అక్కడ జూన్ కర్రీ అనే ఆవిడ మొదట మంచినీళ్లిచ్చారు, తర్వాత బిస్కెట్లు చేసి పెట్టారు. పక్కనున్న ఇంటిని వాళ్ల బసకు వదిలేశారు. అక్కడ ఆగి వెళ్లినవాళ్లు పంపిన పోస్టుకార్డులతో ఆ ఇంటి గోడలు నిండిపోయాయి. 2012లో కన్నుమూసిన ఆమెను సైకిలిస్టులు ‘కుకీ లేడీ’ అనే తలుచుకుంటారు. అదే దారిలో చర్చిలు, అగ్నిమాపక కేంద్రాలు, ఊరి పార్కులు కూడా యాత్రికులకు చోటిస్తాయి.

ఆతిథ్యం మనకు ఒకరు నేర్పాల్సింది కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళగాని వేళ వచ్చిన బాటసారికీ వండి వడ్డించారు. దారుల వెంట సత్రాలుండేవి. బస్సులూ కార్లూ వచ్చాక బాటసారి తగ్గాడు, సత్రాలు మూలపడ్డాయి. ఇప్పుడు ఆ బాటసారి సైకిలెక్కి మళ్లీ వస్తున్నాడు.

ప్రభుత్వాలకు సైకిల్ అంటే ట్రాకే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. మంచిదే. కానీ అది పొద్దున్నే తొక్కి ఇంటికి పోయేవాళ్లకు పనికొస్తుంది. ఊళ్లు దాటి పోయేవాడి అవసరం వేరు.

ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లో ఎలా పెట్టుకుంటామన్న భయం న్యాయమైనదే. విదేశీయుడైతే ఆశ్రయమిచ్చినవాళ్లు 24 గంటల్లో అతని వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి. ఆ తలనొప్పి ఎందుకని చిన్న లాడ్జీలే వెనకాడతాయి. అందుకే ఈ భారం ఇళ్ల మీద కాక పంచాయతీల మీద ఉండాలి. గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాసుకోవడం, విదేశీయుల వివరాలు పంపడం కార్యదర్శికి పెద్ద పనేమీ కాదు.

కొత్త భవనాలూ అక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఓ గది, ఫ్యాను, కుళాయి, ఆడవాళ్లు కూడా ధైర్యంగా వాడుకునేలా లోపల గడియ ఉన్న స్నానాలగది, రోడ్డు మీద ఫోన్ నంబరు రాసిన బోర్డు ఉంటే చాలు. సైకిల్ యాత్రలకు మన దగ్గర చలికాలమే అనువైన కాలం. రహదారుల పక్కనున్న పంచాయతీలు ఈ చలికాలానికే ఆ గది తాళం తీయాలి.